పొదుగు నొక్కి చూసే వేటగాడు

మా బావమరిది ఆడజింకను కొట్టిన ప్రతిసారీ, భుజాన వేసుకునే ముందు దాని పొదుగు నొక్కి చూసేవాడు. పాలు వస్తే పిల్లను వెతికి ఇంటికి తెచ్చి పెంచాలన్నది అతని తండ్రి పెట్టిన నియమం. నేను అతనితో పదకొండుసార్లు అడవికి వెళ్లాను. పదిసార్లు పాలు రాలేదు.

పదకొండోసారి మేము బర్మాలోని యాంగోన్‌లో బయలుదేరేనాటికి, ఊరి పక్కన తన్లిన్‌లో అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఏడు నెలలైంది. తామ్వే పేటలోని ఇంట్లో అతని ముగ్గురు పిల్లలు ఆరు రోజులుగా గంజితోనే ఉన్నారు. కార్చిచ్చుకు మాడిన అడవిలో అప్పుడే లేతగడ్డి మొలిచింది. జింకలు దానికోసం వస్తాయని అతనికి తెలుసు.

ఒక్క తూటాకే జింక కూలింది. అతడు పొదుగు నొక్కాడు. వేళ్లకు పాలు అంటుకున్నాయి.

వెతికే పని లేకపోయింది. దాగడానికి పొద ఒక్కటీ మిగలని ఆ బూడిదలోంచి పిల్ల తానే లేచి వచ్చి, తల్లి మూతి వాసన చూసింది.

"ఏటి సేద్దుం బావా? దీన్నట్టుకెల్దుమా?"

"మూడు నోళ్లకే గంజి చాలదు. దీనికి పాలెక్కడ తెస్తావు?" అన్నాను.

"అయ్య ఉంటే నన్ను నరికేద్దుడు," అంటూ అతడు తల్లిని భుజాన వేసుకున్నాడు.

అక్కణ్ణుంచి రోడ్డు రెండు మైళ్లు. పిల్ల రెండు మైళ్లూ మా వెనకే నడిచింది. రోడ్డు మీద ఆపిన లారీ వెనక ఎక్కాక అతడు డ్రైవరు వైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇంకా వత్తందా బావా?"

"రావడం లేదు," అన్నాను.

పిల్ల లారీ వెనక రెండో ఫర్లాంగు రాయి దాకా వచ్చింది.