గోడ మీది నడుము

ఆ ఊళ్లో మగవాళ్ల ఎడమ భుజాలు కుడి భుజాల కంటే కాస్త దిగి ఉంటాయి. అవి పుట్టుకతో వచ్చినవి కావు, చొక్కాలతో వచ్చినవి. ఊళ్లోని దర్జీలంతా ఒకే కుట్టుపని స్కూల్లో నేర్చుకున్నారు. ఆ స్కూల్లో అందరూ ఒకే మనిషి ఒంటి మీద నేర్చుకున్నారు. ఆ మనిషి ఎడమ భుజం కొంచెం కిందికి ఉంటుంది. ఇంకేం, చొక్కాలన్నీ అలాగే తయారయ్యాయి. చొక్కాను విప్పించి మళ్లీ కుట్టించుకునే ఓపిక లేక జనం భుజమే దించుకున్నారు. పొరుగూరి నుంచి వచ్చిన పెళ్లికొడుకు ఒకడు నిటారుగా నడుస్తుంటే, పాపం కుర్రాడికి వెన్నులో ఏదో లోపముందని ఆడపెళ్లివారు గుసగుసలు పోయారు. నమ్మకపోతే ఆ ఊరు వెళ్లి రెండు వీధులు తిరిగి చూడండి. వచ్చేటప్పటికి మీ భుజం కూడా దిగకపోతే అడగండి.

ఆ భుజం గల పెద్దమనిషిని స్కూల్లో అందరూ కొలత మావయ్య అంటారు. నిజానికి ఆయన చేరింది గంట కొట్టడానికి. చేరిన ఏడాదే, చొక్కాలు తొడిగి చూసే చెక్కబొమ్మను చెదలు తినేశాయి. కొత్త బొమ్మ వచ్చేదాకా కాస్త నిలబడవయ్యా అన్నాడు అప్పటి పెద్ద మాస్టారు. సరేనని నిలబడ్డాడు. మాస్టారు ఆయన్ని కొలిచి, ఆ కొలతలు పిల్లలు మరిచిపోకుండా హాలు గోడ మీద లావుపాటి నల్లరంగుతో రాయించాడు. ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై నాలుగు. ఆ తర్వాత తనిఖీకి వచ్చిన అధికారులు గోడను చూసి ముచ్చటపడి, ఒక మూల ముద్ర కొట్టి వెళ్లారు. ముద్ర పడ్డాక అది గోడగా మిగల్లేదు, చట్టమై కూర్చుంది. కొత్త బొమ్మ మాత్రం ఈనాటికీ రాలేదు. మావయ్య పెళ్లి చేసుకున్నాడు, కూతుర్ని కన్నాడు, నెత్తిన సగం జుట్టు పోగొట్టుకున్నాడు. నడుము మాత్రం గోడ గీసిన గీత దాటలేదు.

స్కూలు దినచర్య అంతా ఆ నడుము చుట్టూనే తిరిగేది. పొద్దున్నే పిల్లలు వరండాలో బారులు తీరాలి. టేపు మెడలో ఉండాలి, చేతిలో ఉంటే చెల్లదు. గోళ్లు చూపించాలి. గుండుసూదులు నోట్లో పెట్టుకోకూడదు. ఈ రూలు రాకముందు ఒకడు నోటినిండా సూదులతో హాజరు పలికి, పక్కవాడి చెవికి కమ్మ కుట్టేశాడని చెబుతారు. ఇవన్నీ అయ్యాక మావయ్య స్టూలెక్కుతాడు. ఆరోజు వంతు వచ్చిన విద్యార్థి టేపు చుట్టి కేకేస్తాడు. "నడుము ముప్పై నాలుగు." బారు మొత్తం ఒకే గొంతుతో "ముప్పై నాలుగే" అంటుంది. అప్పుడే కత్తెరలు బయటికి తీస్తారు.

కొలిచేటప్పుడు మావయ్యను నవ్వించకూడదు, నవ్వితే ఛాతీ పొంగుతుంది. ఆయనకు చెడ్డ కబురు చెప్పకూడదు, దిగులుపడితే చిక్కిపోతాడు. ఆయన కళ్లబడేలా చిరుతిళ్లు తినకూడదు. తుమ్ము వస్తే మావయ్యే ముందు చెయ్యెత్తి అనుమతి తీసుకోవాలి. ఓసారి ఆయనకు జలుబు చేసి అనుమతి లేకుండా వరసగా తుమ్మితే, ఆ వారం కుట్టిన చొక్కాలన్నీ ఛాతీ దగ్గర గుడారాలై కూర్చున్నాయి. వాటిని ఏంచేయాలో తెలియక సర్కసువాళ్లకు ఇచ్చేశారు.

ఇన్నేళ్లూ మావయ్య ఈ రూళ్లను కడుపులో చల్ల కదలకుండా నెట్టుకొచ్చాడు. చిక్కంతా కన్నకూతురు అదే స్కూల్లో చేరాక మొదలైంది.

అమ్మాయి చెయ్యి మంచిదే. కానీ తొందర. పోయినేడు పరీక్షలో కోటుకి కాజాలు ఎంతో అందంగా కుట్టి, గుండీలను కూడా అదే వైపు కుట్టేసింది. ఆ కోటును పెట్టుకునే మార్గం ఈ భూమ్మీద ఎవరికీ దొరకలేదు. అమ్మాయి ఫెయిలైంది. రెండోసారి తప్పినవాళ్లని మళ్లీ చేర్చుకోకూడదన్నది స్కూలు రూలు. బజారులో కోట్ల దుకాణం యజమాని, ఈసారి పాసైతే మిషన్ ముందు కుర్చీ నీదేనమ్మా అని మాటిచ్చాడు. తప్పితే ఆ కుర్చీ లేదు, స్కూలూ లేదు. ఆ బెంగతో అమ్మాయికి ముద్ద దిగడం మానేసింది.

తినకపోతే వాళ్లమ్మ ఊరుకునే రకం కాదు, కంచం ఖాళీ అయ్యేదాకా తలదగ్గర నిలబడే మనిషి. అందుకని అమ్మ వంటింట్లోకి తిరగ్గానే అమ్మాయి తన కంచంలోది నాన్న కంచంలోకి తోసేది. మావయ్య కిమ్మనకుండా తినేసేవాడు. కూతురు తిట్లు తినకుండా ఆయన అన్నం తిన్నాడు.

అలా కొన్నాళ్లు గడిచాక, ఒక పొద్దున టేపు వంతు అమ్మాయికే వచ్చింది. మావయ్య ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. అమ్మాయి టేపు చుట్టింది. చదవలేదు. మావయ్య మొహం ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి, చివరికి ఊపిరి తన దారి తను చూసుకుంది. పొట్ట హాయిగా ముందుకొచ్చి కూర్చుంది.

"చదువమ్మా," అంది పెద్ద మేడమ్. ఇప్పుడు స్కూలును నడిపేది ఆవిడే. రూలు తప్పిన దారప్పోగును కూడా క్షమించని మనిషి.

"ముప్పై అయిదున్నర," అంది అమ్మాయి.

బారు అలవాటు కొద్దీ "ముప్పై నాలుగే" అనేసింది.

పెద్ద మేడమ్ మావయ్య చుట్టూ ఒకసారి తిరిగింది. అంతకుముందు కంటే ఎక్కువ దూరం నడవాల్సి వచ్చినట్టు మొహం పెట్టింది.

"ఏమయ్యా, పరీక్ష ముందర పెట్టుకుని ఇదేం పని?"

"గోడ మీద అంకె మార్చేద్దామండీ, చిటికెలో పని," అన్నాడు మావయ్య.

"ముద్ర పడిన గోడ. దాన్ని మార్చాలంటే పైవాళ్లు రావాలి. వాళ్లు వచ్చేసరికి నీ నడుము ఇంకెక్కడుంటుందో. గోడ మారదు. నువ్వే మారాలి."

ఆరోజు నుంచి దినచర్య మారిపోయింది. పొద్దున్నే బారులన్నీ మావయ్య వెనక వరండా చుట్టూ పరుగెత్తాలి. మధ్యాహ్నం ఆయన అన్నం డబ్బా మూత తీసే హక్కు విద్యార్థుల నాయకుడిది. ఆ కుర్రాడికి వాగుడు ఎక్కువని రేడియో అని పేరు. సాయంత్రం మావయ్య ఇంటికెళ్లి, ఆయన ఎంత తింటున్నాడో కళ్లారా చూసి రావడం కూడా రేడియో డ్యూటీయే.

మొదటిరోజు రేడియో మావయ్య కంచం ఎదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు. మావయ్య భార్య గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది.

"మా ఆయన తింటుంటే ఎదురుగా కూర్చుని గుటకలు లెక్కపెట్టడానికి నువ్వెవరు నాయనా?"

"డ్యూటీ అత్తయ్యా. పెద్ద మేడమ్ వేశారు."

"ఇంటికొచ్చినవాడు ఊరికే చూస్తూ కూర్చుంటే మాకు బాగుంటుందా? నువ్వూ తిను."

"రూల్లో తినమని లేదత్తయ్యా."

"వద్దని ఉందా?"

రేడియో కాసేపు ఆలోచించాడు. వద్దని లేదు. తిన్నాడు. అమ్మాయి తన కంచంలోది ఇప్పుడు రేడియో కంచంలోకి తోయడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల్లో మావయ్య తగ్గడం మొదలుపెట్టాడు, రేడియో చొక్కా గుండీలు ఒక్కొక్కటే రాజీనామా ఇచ్చాయి. రేడియో స్థానంలో ఇంకొకణ్ని పంపారు, వాడూ ఉబ్బాడు. పరీక్ష దగ్గరపడేసరికి బారు ఎంత వెడల్పయిందంటే, వరండా చాలక సగం మందిని మెట్ల మీద నిలబెట్టాల్సి వచ్చింది.

కాని పిల్లలందరి మనసులో ఒకటే గుబులు. పరీక్ష రోజు కోటు కుట్టాలి. బయటినుంచి వచ్చే అధికారి దాన్ని మావయ్యకు తొడిగి చూస్తాడు. గోడను నమ్మి కుట్టాలా, మనిషిని నమ్మి కుట్టాలా? ఒక సాయంత్రం, వాళ్లమ్మ నీళ్లకని బయటికి వెళ్లినప్పుడు, అమ్మాయి ఆ మాటే అడిగింది.

"నాన్నా, నిజం చెప్పు. పరీక్ష నాటికి నువ్వెంత ఉంటావు?"

"నువ్వు గోడకే కుట్టు తల్లీ. నేను గోడ దగ్గరికి వచ్చేస్తాను."

"రాలేకపోతే?"

"ఇన్నేళ్లూ అక్కడే ఉన్నాను గదే. దారి తెలియనివాణ్నా?"

అమ్మాయి నవ్వలేదు. మావయ్యకు తన మాట తనకే గట్టిగా వినిపించింది. ఇప్పటిదాకా ఆయన పరీక్షల్లో నిలబడింది జీతం కోసం. ఎవరి కోటు బిగిసినా, ఎవరిది వదులైనా ఆయన చలించింది లేదు. ఈసారి ఆ కోటు చేతుల్లోకి కూతురి బతుకు దూరబోతోంది.

మాట నిలబెట్టుకున్నాడు. పరీక్షకు ముందురోజు పొద్దున టేపు ముప్పై నాలుగు చూపించింది. బారు ఎప్పటి పాటే పాడింది కాని, ఈసారి కొందరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది. కూతురికి రావలసిన పరీక్ష భయం మొత్తం ఆ సాయంత్రమే మావయ్యకు పట్టుకుంది. నీళ్లు తాగితే పెరుగుతానేమోనని నీళ్లు తాగలేదు. తినమంటే వద్దన్నాడు. పరీక్ష రోజు తెల్లారినప్పటి నుంచి కడుపు కదిలిపోయి దొడ్డికి వెళ్లడం, రావడం. వెళ్లిన ప్రతిసారీ మనిషి కొంచెం తక్కువై తిరిగొచ్చాడు. పరీక్ష రోజున టేపు పట్టే హక్కు బయటినుంచి వచ్చే అధికారిదే గనక, పొద్దుట ఎవరూ కొలవలేదు.

అధికారి సన్నగా, కుట్టు దారంలా ఉన్నాడు. ఎడమ భుజం దిగలేదు గనక పొరుగూరివాడని అందరికీ తెలిసిపోయింది. మధ్యాహ్నానికి కోట్లు తయారయ్యాయి. మొదట అమ్మాయి కోటే తీశాడు. గుండీలు ఒకవైపు, కాజాలు ఇంకోవైపు ఉన్నాయి. మావయ్యకు తొడిగి గుండీలు పెట్టి, నడుము దగ్గర రెండు వేళ్లు దూర్చాడు. చెయ్యి మొత్తం లోపలికి పోయింది.

"వదులు," అన్నాడు.

రేడియో కుట్టిన కోటు తొడిగాడు. అదీ వదులే. ఇంకొకటి, ఇంకొకటి. ప్రతి కోటులోనూ మావయ్య గంటలో నాలుకలా ఊగాడు. అధికారి పెన్ను మూత తీశాడు.

"అందరూ ఫెయిల్."

అమ్మాయి బల్ల పట్టుకుని నిలబడింది. పెద్ద మేడమ్ ముందుకొచ్చి, "పిల్లలు గోడ ప్రకారమే కుట్టారండీ," అంది.

అధికారి న్యాయమైన మనిషి. కోటును కొలిచాడు, సరిగ్గా ఉంది. గోడ మీది అంకెల్ని దగ్గరికెళ్లి చదివాడు, ముద్ర చూశాడు. ఎందుకైనా మంచిదని గోడను కూడా ఒకసారి టేపుతో కొలిచాడు. తర్వాత మావయ్యను కొలిచాడు. ముప్పై మూడు.

"కోటు కరెక్టు. గోడ కరెక్టు," అన్నాడు, తలపట్టుకుని. "కాని కోటు మనిషికి సరిపోలేదు. నేను ఎవర్నో ఒకర్ని ఫెయిల్ చెయ్యాలి. లేకపోతే లెక్క కుదరదు."

"నన్ను చెయ్యండయ్యా," అన్నాడు మావయ్య స్టూలు మీదనుంచి. "పిల్లలు వాళ్ల పని వాళ్లు చేశారు. ముప్పై నాలుగు ఉండాల్సింది నేను. లేను."

"నిన్నెలా చేస్తానయ్యా? నువ్వు పరీక్షకి కూర్చోలేదు గదా."

"కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోరండి. ఎన్నేళ్లుగానో నిలబడే ఉన్నాను."

అధికారి పెన్ను చివర కొరుకుతూ ఆలోచించాడు. "నిలబడి పరీక్ష రాయకూడదని రూలేమన్నా ఉందా మేడమ్?"

"లేదండి," అంది పెద్ద మేడమ్, ఉన్న రూళ్లన్నీ మనసులో ఒకసారి తిరగేసుకుని.

"అయితే ఈయనకో నంబరివ్వండి."

నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఎదురుగా ఫెయిల్ అని రాసి, కింద గీత గీసి, పిల్లలందర్నీ పాస్ చేసి అధికారి బస్సు వేళైందని వెళ్లిపోయాడు. పిల్లలు మావయ్యను భుజాల మీదికి ఎత్తుకోబోయారు గాని, పెద్ద మేడమ్ అడ్డుపడింది.

"ఆగండి. ఫెయిలైన విద్యార్థి ఏడాది మొత్తం మళ్లీ హాజరు కావాలి. ఏమయ్యా, సెలవులయ్యాక పొద్దున్నే బారులో ఉండాలి. మెడలో టేపు, గోళ్లు శుభ్రంగా."

"మరి స్టూలెవరు ఎక్కుతారండీ?"

"నువ్వే. నీ వంతు వచ్చినరోజు నువ్వే కొలుచుకుని, నువ్వే కేకేసి, దిగొచ్చి బారులో నిలబడి బదులు చెప్పు."

మావయ్య తల ఊపాడు. విద్యార్థిగా బడి మొహం చూడని మనిషి. ఫెయిలవడానికైనా ఒక నంబరు ఉండాలని ఆయనకు ఆరోజే తెలిసింది. ఇంటికెళ్తున్నంతసేపూ కూతురు చెయ్యి పట్టుకుని, ఆ నంబరునే పెదాల మీద ఆడించుకుంటూ నడిచాడు.

గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది.

"ఏమైందే?"

"పాసయ్యానమ్మా," అంది అమ్మాయి.

ఆవిడ కూతుర్ని దగ్గరికి తీసుకుని, ఆ భుజం మీదుగా మొగుణ్ని చూసింది. "మీరేంటి అలా ఉన్నారు?"

"నేను ఫెయిలయ్యాను."

"ఎంతలో పోయింది?"

"ఒక్క అంగుళంలో."

ఆవిడ నాలుక చప్పరించింది. "అంత దగ్గరికొచ్చి పోగొట్టుకున్నారా? పోనీలెండి. మొదటిసారే గదా."

అమ్మాయి మెడలోంచి టేపు తీసి నాన్న మెడలో వేసింది. "ఇక్కడ కూర్చో నాన్నా. ముందు దాన్ని ఏ చివర నుంచి పట్టుకోవాలో చెబుతాను."

ఇన్నేళ్లు ఆ టేపు మధ్యలో నిలబడిన మనిషి, దాని రెండు చివరల్నీ చేతుల్లోకి తీసుకుని, ఏది మొదలో తెలియక కూతురి మొహంలోకి చూశాడు.