ఫారం నింపి పంపిన

మా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్‌ను ఫారం అంటారు. పూర్తిగా పలికేంత సేపు కరెంటు ఉండదు కాబట్టి అనుకుంటాను. ఈ ఒక్క మాట సమయానికి గుర్తొచ్చి ఉంటే మా బాపు ఆ వారం అంత పరేషాన్ అయ్యేవాడు కాదు.

అప్పుడు నేను జనగామలో గది తీసుకుని కరెంటు ఆఫీసు ఉద్యోగానికి చదువుతున్నాను. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు చేసే కంపెనీలేవి, అవి ఏ దేశానివి అని ఒక పాఠం. జర్మనీ, జపాన్, కొరియా, అన్నీ కంఠతా వచ్చేశాయి. చెల్పూరు థర్మల్ కేంద్రంలో పుట్టిన కరెంటు దేవరుప్పుల దాటి మా బోరు దాకా ఎందుకు రాదో మాత్రం పాఠంలో లేదు.

సరిగ్గా ఆ పాఠం మధ్యలోనే బాపు ఫోన్ చేశాడు.

“ఫారం కాలిపోయింది రా. వరి పొట్ట మీదుంది. నాలుగొద్దులు నీళ్లు లేకుంటె తాలే మిగుల్తది.”

“రిపేరు షెడ్డుకు తీస్కపోరాదు?”

“షెడ్డుల మన వంతు రేపు. బాగై వచ్చేదెన్నడో. నువ్వు గా దేశదేశాల కంపెనీలు సదువుతున్నవ్ గద. గండ్ల ఒక్కలకన్న చెప్పు.”

నేను నవ్వాను. బాపు నవ్వలేదు.

వాళ్ల పేర్లు ఇంత భక్తిగా చదువుతున్నాను, నేనొకడినున్నానని వాళ్లకూ తెలియనీ అనుకుని ఒక జర్మనీ కంపెనీ వెబ్‌సైట్ తెరిచాను. అవసరం తెలపమంటూ ఒక దరఖాస్తు ఫారం వచ్చింది. మీరెవరు అన్నచోట మూడే దారులు: విద్యుత్ సంస్థ, డేటా సెంటర్, భారీ పరిశ్రమ. ఎకరన్నర వరి లేదు. బాపు చాకిరీ గుర్తొచ్చి భారీ పరిశ్రమ మీద నొక్కాను. ఉన్నవాటిలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఎంచుకున్నాను. దాన్ని మా పొలంలో దించితే వరికి చోటుండదు. ఎప్పటికి కావాలి అంటే రేపటికి అని రాశాను.

బాపుకు ఫోన్ చేసి, “జర్మనీ కంపెనీ ఫారం నింపి పంపిన,” అన్నాను.

“మంచిగ నింపినవా?”

“ఒక్క ఖాళీ ఇడ్వలే. రేపు బస్సుకొస్తున్న.”

మర్నాడు ఊరికి వెళ్లాను. బస్సు దిగేసరికి ట్రాక్టరు, మోకులు, రెండు వెదురు బొంగులు, ఎనిమిది మంది మనుషులు. బాపు ఉతికిన అంగీ వేసుకున్నాడు. అందరూ నన్ను దాటి బస్సు లోపలికి చూస్తున్నారు. బస్సు కదిలి వెళ్లిపోయింది.

“ఏదిరా?” అన్నాడు బాపు.

“ఏంది?”

“ఫారం.”

“పంపిన గద.”

“ఏ బండ్లె?”

“సెల్లుల.”

మా చిన్నబాపు నా చేతిలోని ఫోన్‌ను అటూ ఇటూ చూశాడు. “గిండ్ల ఎట్ల పట్టిందిరా? మరి నింపిన అంటివి, నూనె గాదా?”

“నూనె గాదు, చిన్నబాపూ. పేరు, ఊరు నింపిన.”

ట్రాన్స్‌ఫార్మర్‌లో నూనె నింపుతారు. కాగితంలో పేరు నింపుతారు. మా ఊళ్లో రెండూ ఫారాలే.

బాపు ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. అసలు సంగతి అప్పుడు చెప్పాడు. మా పక్క తండా వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ కూడా కాలింది. మాకు జర్మనీది వస్తుందని చెప్పి, షెడ్డులో మా వంతు పొద్దున్నే వాళ్లకిచ్చేశాడు. వాళ్లు అప్పటికే జనగామ షెడ్డు చేరి ఉంటారు.

ఎవరూ తిట్టలేదు. దారిలో నవ్వించడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను, ఒక్కటీ బయటికి తీయలేదు. ట్రాక్టరు ఎలాగూ ఉంది కదా అని కాలిపోయిన దాన్నే ఎక్కించి షెడ్డుకు తీసుకెళ్లాం. వరుసలో చివరన దించాం.

మూడో రోజుకు మడి నెర్రెలు విడిచింది. బాపు గట్టు మీద నిలబడి పొట్ట మీదున్న పైరును వేళ్లతో వత్తి చూస్తున్నాడు. అప్పుడు తండా నుంచి ఒకాయన భుజాన పైపు చుట్టతో వచ్చాడు. వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ బాగై వచ్చేసింది.

“మామా, నీ వంతు మాకిస్తివి. మా బోరు నీ మడికి మీదనే ఉన్నది. పైపు గుంజుకో. జర్మనీది వచ్చేదాక వాడుకో.”

చివరి మాట నన్ను చూస్తూ అన్నాడు. బాపు పైపు అవతలి కొస పట్టుకున్నాడు. పొద్దుగూకే లోపు నీళ్లు మడిలోకి దిగాయి. మా ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేదాకా ఆ పైపు తీయలేదు. వరి ఈనింది.

కోతల ముందు కంపెనీ జవాబిచ్చింది. మా ప్రాజెక్టును నిపుణులు పరిశీలిస్తున్నారట. తయారీకి కొన్నేళ్లు పట్టవచ్చట. స్థలం సిద్ధంగా ఉంచుకోవాలట. బాపుకు చదివి వినిపించాను.

“పాపం, మొదలువెట్టిన్రో ఏమో. మనది అయిపాయెనని చెప్పు.”

వద్దని చెప్పడానికీ ఒక ఫారం ఉంది. నింపాను, పంపాను.

“చెప్పినవా?” అన్నాడు బాపు.

“చెప్పిన,” అని, ఫారం మాట ఎత్తకుండా అక్కడితో ఆపాను.