తనూజ కుడి భుజం

మా పక్కింటి తనూజ బేస్‌బాల్‌లో రిలీఫ్ పిచ్చర్. అంటే బంతి విసిరే మొదటి అమ్మాయి అలసిపోయి, ఆట చేజారిపోయే వేళకు దింపే మనిషి. ఈ సంగతి మా లాల్‌దర్వాజా గల్లీ జనం బుర్రకెక్కించడానికి వాళ్ళ నాన్న రామ్‌చందర్ పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు.

"ఎక్స్‌ట్రా ప్లేయరా అన్నా?" అని పాలకు వచ్చినవాళ్ళు ఆటపట్టించేవారు.

"ఎక్స్‌ట్రా ఏంది భాయ్! అందరు చేతులెత్తేసినంక మా బిడ్డనే పిలుస్తరు," అనేవాడు, బర్రె దగ్గర నుంచి లేవకుండానే.

ఇండియా జట్టుకు ఎంపికైన కొద్ది రోజులకే ఆ పిల్లకు కుడి భుజం పట్టేసింది. జట్టు డాక్టరుకు చెబితే ఎక్కడ తీసేస్తారోనని భయం. రామ్‌చందర్‌కు మాత్రం ఏ భయమూ లేదు. ఒకప్పుడు బర్రె తన్ని మణికట్టు విరిగితే హుస్సేనీ ఆలంలో ఒక పహిల్వాన్ కట్టు కట్టి నయం చేశాడు. మా వైపు ఎముక కదిలినా నరం పట్టినా ముందు గుర్తొచ్చేది పహిల్వానే. కూతుర్ని బండెక్కించుకుని ఆయన దగ్గరికే తీసుకెళ్ళాడు. పహిల్వాన్ నూనె రాసి, చేయి పట్టి ఒక్క గుంజు గుంజాడు. పిల్ల కదలకుండా వెనక నుంచి రామ్‌చందరే అదిమి పట్టుకున్నాడు. లోపల టక్కుమంది.

"హో గయా బేటీ, అబ్ ఫికర్ నక్కో," అన్నాడు పహిల్వాన్, అయిపోయింది ఇక దిగులు పడొద్దని. నిజంగానే నొప్పి తగ్గింది. తనూజ సంబరంగా సామాను సర్దుకుంది.

బ్యాంకాక్‌లో జరిగిన పోటీల్లో, ఒక మ్యాచ్ ఆఖరి ఇన్నింగ్స్‌లో ఆమెను పిలిచారు. మన జట్టు ఒక్క పరుగు ముందుంది, మూడు బేసుల మీదా ఎదుటివాళ్ళు పరుగుకు సిద్ధంగా ఉన్నారు. ఫోన్లో చూస్తున్న రామ్‌చందర్ గల్లీ అదిరిపోయేలా అరిచాడు. వస్తూనే తనూజ ఒకమ్మాయిని ఔట్ చేసింది. తర్వాతి బంతి చేతిలోంచి జారి, నేలకు తగిలి ఎటో పోయింది. ఆమె భుజం పట్టుకుని కూలబడింది. ఈలోగా వాళ్ళలో ఇద్దరు హోమ్ బేసు చేరి రెండు పరుగులు తీసేశారు. మ్యాచ్ పోయింది.

తిరిగొచ్చాక ఆసుపత్రికి నేనే తోడు వెళ్ళాను. స్కానింగ్ చూసి డాక్టరు దాచకుండా చెప్పేశాడు. మొదట్లో భుజం లోపలి కండరం కొంచెమే చిరిగి ఉంటుంది, విశ్రాంతి ఇస్తే మానేది. బలంగా గుంజడంతో పాడైంది. ఇక ఆపరేషన్ చేసినా ఆ చెయ్యి ఇంటి పనులకు పనికొస్తుంది కానీ, బంతి విసరడానికి రాదు.

తనూజ ఏడవలేదు.

"చిన్నమ్మా, గుంజుడు సంగతి మా బాపుకు చెప్పకు. నన్ను పట్టుకున్నది ఆయననే గదా. తెలిస్తే తట్టుకోడు."

"మరి ఆట?"

"చెయ్యి మంచిగైంది, నాకే మనసు లేదని చెప్త."

అలాగే చెప్పింది. ఆయన నమ్మాడు. నమ్మి భగ్గుమన్నాడు. కూతురితో మాట్లాడడమే మానేశాడు. వాళ్ళమ్మ రాజమణి ఇద్దరికీ నచ్చజెప్పలేక విసిగిపోయింది.

మొన్న నేను వాళ్ళింట్లో ఉండగానే కోచ్ ఫోన్ చేశాడు, భుజం ఎలా ఉందని. రామ్‌చందర్ ఎత్తాడు.

"చెయ్యికేం కాలే సార్. దానికే దమ్ము లేదు. ఒక్క మ్యాచ్‌కే బెదిరింది. ఇంకో పిల్లను చూసుకోండ్రి."

నాకు ఒళ్ళు మండిపోయి నోరు తెరవబోయాను. పక్కనే నిలబడ్డ తనూజ ఎడమచేత్తో నా కొంగు గట్టిగా పట్టుకుంది.