పాత కారుకి కొత్త కన్వర్టర్లు

"ఆ పొగ తగ్గితే పిల్ల ఎక్కుతుంది. తగ్గకపోతే కారు బయటికెళ్తుంది," అంది మా ఆవిడ, గిన్నెలు అలమరాలో సర్దుతూ. గిన్నెల చప్పుడును బట్టి ఆ మాటకి అప్పీలు లేదని అర్థమైంది.

కారు నాకన్నా ఏడేళ్లు పెద్దది. ముదురాకుపచ్చ రంగు, ఆరు సిలిండర్లు, వెనకాల రెండు పొగ గొట్టాలు. ఇక్కడ ఐర్లండు ఆసుపత్రిలో పర్మనెంటు పోస్టు వచ్చిన ఏడాది మురిసిపోయి కొనుక్కున్నాను. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు, ఆస్త్మా ఉంది. ఒక శనివారం దాన్ని ఎక్కించుకుని మా నేస్ ఊరి చుట్టుపక్కల తిప్పి తీసుకొస్తే, దిగేసరికి ఛాతీలో పిల్లికూతలు. నేను చేసేదేమో ఊపిరితిత్తుల డాక్టరీ. "ఊళ్లోవాళ్ల ఊపిరి బాగుచేసి ఇంట్లోదాని ఊపిరి తీస్తున్నారు," అంది మా ఆవిడ. నాకు ఒళ్లు మండింది. నిజం కాబట్టే మండింది.

కారు వదులుకోవడం నావల్ల కాదు. అందుకని ఆ పొగ గొట్టాలకి ఈ కాలపు కెటలిటిక్ కన్వర్టర్లు పెట్టిద్దామనుకున్నాను. గొట్టం మధ్యలో బిగించే చిన్న డబ్బాలవి. లోపల తేనెపట్టులా సన్నటి గదులుంటాయి, వాటి గుండా పోతూ పొగలోని విషం చాలావరకు విరిగిపోతుంది. ఊరి చివర షెడ్డులో పాత కార్లు బాగుచేసే పెద్దాయన నా మాట విని చాలాసేపు నవ్వాడు. ఇలాంటి కార్లని ఉన్నదున్నట్టు ఉంచమని బతిమాలేవాళ్లనే గానీ, ఇలా అడిగినవాణ్ణి ఆయనెప్పుడూ చూళ్లేదట. అయినా రెండు గొట్టాలకీ రెండు డబ్బాలు వెల్డింగు చేసి, కార్బురేటర్లు సరిచేసి, వేడి పైకి రాకుండా అడుగున రేకు బిగించాడు.

తాళాలిస్తూ రెండు ముక్కలు చెప్పాడు. "చూడు డాక్టర్, ఇవి బాగా వేడెక్కితేనే పనిచేస్తాయి. అప్పటిదాకా ఇవీ ఉత్త గొట్టాలే. ఇంకోటి, నీ డిక్కీ మూత రబ్బరు ఎండిపోయింది. పొగ అటునుంచే లోపలికొస్తోంది. దాన్ని మార్చెయ్."

మొదటి ముక్క తు.చ. తప్పకుండా పాటించాను. పిల్లని ఎక్కించుకునే ముందు నేనొక్కణ్ణే కారు తీసి, పావుగంట తిప్పి వేడెక్కించి తెచ్చేవాణ్ణి. రెండో ముక్క దగ్గర నా డాబు అడ్డమొచ్చింది. ఆ కారుతోపాటు తయారైన అసలు రబ్బరే కావాలని, అది దొరికేదాకా ఆగుదామనుకున్నాను.

ఇక రుజువు కావాలి కదా. ఊపిరి బలం కొలిచే ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇంట్లో ఉంది. కారెక్కే ముందు అమ్మాయి చేత మూడుసార్లు ఊదించి, దిగాక మళ్లీ ఊదించి, నోటుబుక్కులో రాసేవాణ్ణి. ఆరు వారాలు రాశాను. ముందూ వెనకా అంకె చెక్కుచెదరలేదు. "ఎలా ఉందిరా?" అంటే, "ఐయామ్ గ్రాండ్, నాన్నా," అనేది. బాగున్నానని చెప్పడానికి ఇక్కడి పిల్లలు అలాగే అంటారు. నోటుబుక్కు మా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ పేజీలు తిప్పి, "సరే, మీరు గెలిచారు," అంది. ఆ రోజు నేను పడ్డ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ధైర్యంతోనే ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మాయిని తీసుకుని పాత కార్ల మేళాకి బయల్దేరాను. ఇంటికి ముప్పావుగంట దూరంలో ఒక పల్లెటూరి మైదానం. ఎప్పుడూ గబగబా మెట్లు దిగే పిల్ల, ఆ రోజు బాత్రూములోంచి ఎంతకీ రాలేదు. వచ్చాక ఊదించితే అంకె మామూలుకన్నా తక్కువ. సరిగ్గా ఊదలేదులే అనుకుని, ఆ పాత అంకే రాసేశాను. వైద్యంలో ఇంత సిగ్గుమాలిన పని నేనెన్నడూ చేయలేదు.

మైదానం గేటు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఇరవై నిమిషాలు ఇంజను ఆపకుండా అక్కడే నిలబడ్డాం. నేను మార్చని డిక్కీ రబ్బరు సందులోంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన మొదలైంది. కార్బురేటర్లలో పెట్రోలు ఎక్కువైతే కన్వర్టర్ల నుంచి వచ్చే వాసన అది. "కొత్తవాటికి మామూలేరా," అన్నాను.

అద్దంలో వెనక సీట్లోకి చూశాను. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. మెడ కింద గుంట ప్రతి శ్వాసకీ లోపలికి పోతోంది. రోజుకి పదిమందిలో చూసే గుర్తులే. ఇప్పుడవి నా కూతురిలో.

ఇంజను ఆపి, పిల్లని బయటికి దింపి గడ్డి మీద కూర్చోబెట్టాను. "ఇన్‌హేలరేదమ్మా?" జేబులోంచి నీలం ఇన్‌హేలరు తీసిచ్చింది. నొక్కితే ఉత్త గాలి. ఊపి మళ్లీ నొక్కాను. ఖాళీ. నెలన్నర కిందటే సీలు తీసిన ఇన్‌హేలరది. దాని లెక్కన వేసవిదాకా రావాలి.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే పాతిక నిమిషాలన్నారు. పాతిక నిమిషాల్లో ఏమేం జరగొచ్చో తెలిసిన చదువు చదివినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆ మైదానం గేటు దగ్గర నిలబడి, జన్మలో అరవనంత గట్టిగా అరిచాను. "ఎవరి దగ్గరైనా నీలం ఇన్‌హేలరుందా?"

టీ అమ్ముతున్న ముసలావిడ చేతిసంచీ వెతుక్కుంటూ పరిగెత్తుకొచ్చింది. "నాదుంది బాబూ, తీసుకో!" ఆ చేతిలోనే ఒక కాగితం కప్పు కూడా ఉంది. హౌస్ సర్జన్సీ రోజుల్లో, కాకినాడ గవర్నమెంటాసుపత్రి పిల్లల వార్డులో, మందు లోపలిదాకా పోవడానికి ఇన్‌హేలరుకి తగిలించే గొట్టాలు ఎప్పుడూ ఉండేవి కావు. కాగితం కప్పు అడుగున బెజ్జం చేసి, అందులో ఇన్‌హేలరు మూతి దూర్చి, కప్పు పిల్ల ముక్కు మీదా నోటి మీదా బోర్లించేవాళ్లం. ఇప్పుడు ఆవిడ కప్పుకి కారు తాళంతో బెజ్జం పొడిచాను. నొక్కాను. "పీల్చు... వదులు... పీల్చు..." ఒక్కో నొక్కుకీ అయిదారు శ్వాసలు. పది నొక్కులు. చుట్టూ మూగిన ముసలాళ్లు టోపీలు చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. ఏడో నొక్కుకి భుజాలు కాస్త కిందికి దిగాయి. పదోదానికి నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

అంబులెన్సు కోసం చూస్తూ అమ్మాయి పక్కన గడ్డిలో కూలబడ్డాను. "ఇన్‌హేలరు ఎలా అయిపోయిందిరా?" అన్నాను, మెల్లగానే.

గడ్డి పీకుతూ, తన ఐరిష్ ఇంగ్లీషులో, ఆగి ఆగి చెప్పింది. కారెక్కే ప్రతిసారీ బాత్రూములోకి వెళ్లి నాలుగు పఫ్‌లు, అయిదు పఫ్‌లు పీల్చుకుని వచ్చేదట. దిగాక మళ్లీ. ఇంకో ఇన్‌హేలరు అడిగితే మాకు తెలిసిపోతుందని అడగలేదట. "అంకె తగ్గితే నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదు, డాడ్."

ఆరు వారాలు నేను కొలిచింది కన్వర్టర్ల పనితనాన్ని కాదు. నా కూతురు నా దగ్గర దాచిన భయాన్ని కొలిచి, తారీఖులేసి మరీ రాసుకున్నాను. ఏ రోగి పిల్ల విషయంలోనైనా మొదట అడిగే ప్రశ్న, "మందు ఎప్పుడు వేసుకున్నావమ్మా?" అన్నది. నా కూతుర్ని ఒక్కసారీ అడగలేదు. నాకు కావలసిన జవాబు నోటుబుక్కులో ఉంది కదా.

మా ఆవిడకి ఫోన్ చేశాను. ఆయాసం వచ్చిందనీ, మందు పడిందనీ, అంబులెన్సు వస్తోందనీ చెప్పాను. "దానికివ్వండి," అంది.

ఇచ్చాను. అమ్మాయి నా వైపు చూడకుండా ఫోను చెవిన పెట్టుకుంది.

"ఇట్స్ నాట్ ది కార్, అమ్మా," అంది. ఊపిరి తీసుకుంది. "ఇక్కడ గడ్డి," అంది. మళ్లీ తీసుకుంది. "గడ్డి కోశారు, అందుకే."

ఫోను లాక్కున్నాను. "కారు వల్లే," అన్నాను.