స్లాబు మీది మడి

నా చిన్నప్పుడు మా ఇల్లు ఏడాదికొక చోట ఉండేది. నాయిన ఎక్కడ గోడ కడితే ఆ గోడ పక్కనే మా గుడిసె. గోడ లేచి, కప్పు పడి, ఎవరో వచ్చి పాలు పొంగించుకునే వేళకు మేము తట్టాబుట్టా సర్దుకుని మరో చోటికి పోయేవాళ్ళం. అంతకుముందు మాకు దుమ్ముగూడెం అవతల, అడవి అంచున, చిన్న మడి ఉండేది. రెండేళ్ళు వరసగా వానలు మొహం చాటేస్తే నాయిన నాగలి అటక మీద పెట్టి తాపీ పట్టాడు. ఆ మడి నాకు లీలగానే గుర్తు. నాయిన పొద్దున్నే గట్ల మీద తిరుగుతూ, ఎక్కడ నీరు కారుతోందో కళ్ళతో కాదు, పాదంతోనే తెలుసుకునేవాడని అమ్మ చెప్పేది.

నేను చెప్పబోయేది బొగ్గుబావుల ఊరి దగ్గర క్వార్టర్లు కడుతున్నప్పటి సంగతి. నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. పనిలో నాయినకు ఒక జోడీ ఉండేవాడు. చుట్టం కాడు గానీ ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవాళ్ళు. నేను మామా అని పిలిచేదాన్ని. ఒకరు ఇటుక అందిస్తే ఒకరు పేర్చేవాళ్ళు. ఒక బీడీని ఇద్దరూ పంచుకునేవాళ్ళు. ఒకరోజు గోడ బయట కట్టిన కర్రల మంచె మీద నిలబడి ఇద్దరూ పని చేస్తుండగా మామ కాలి కింది చెక్క జారింది. నాయిన చెయ్యి చాచాడు. అందలేదు.

మామను సొంత ఊళ్ళో కాటికి సాగనంపి వచ్చాక నాయిన మళ్ళీ పనిలోకి పోయాడు. మంచె మీద కాలు పెట్టగానే ఒళ్ళంతా చెమటలు పట్టి దిగిపోయాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత ప్రయత్నించడం కూడా మానేశాడు. పొద్దున అందరితోపాటు వచ్చి ఇసుక కుప్ప మీద కూర్చునేవాడు. కుడి అరచెయ్యి తెరిచి దానికేసి చూస్తూ ఉండేవాడు. అమ్మ పెట్టిన అన్నం కంచంలోనే ఎండిపోయేది.

తోటి పనివాళ్ళు మొదట్లో జాలిపడ్డారు. తర్వాత వాళ్ళకు ఏం చెయ్యాలో తోచక ఎగతాళికి దిగారు.

"ఏం బావా, ఇసుకను పొదుగుతున్నవా? పిల్లలెప్పుడు లేస్తయ్?" అని ఒకడు అంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నాయిన కోప్పడేవాడు కాదు. కోప్పడి ఉంటే అమ్మకు కాస్త ధైర్యంగా ఉండేదేమో. గాలి సోకిందని ఎవరో అంటే అమ్మ తాయెత్తు కట్టించింది. మా ఊరి అమ్మవారికి కోడిని మొక్కుకుంది. నాకు మాత్రం ఒక పని అప్పజెప్పింది.

"మీ నాయిన ఎటు పోతే అటు పో బిడ్డా. చెంబు పట్టుకుని చెట్లల్లకు పోయినా దూరంగ నిలబడు. కనపడకపోతే కేకెయ్."

ఆ రోజుల్లోనే బావి తాడు మా గుడిసెలోంచి మాయమైంది. నీళ్ళకు పోయేటప్పుడు అమ్మ దాన్ని పక్క గుడిసె అక్క దగ్గర తీసుకుని, రాగానే మళ్ళీ అక్కడే ఇచ్చేది. ఎందుకో నాకు తెలియదు. పెద్దవాళ్ళ పని నా చేతికి వచ్చిందన్న గర్వంతో నాయిన వెనకే నీడలా తిరిగేదాన్ని. అమ్మ భయపడ్డది దేనికో నేను ఇద్దరు పిల్లల తల్లినయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.

మా పనికంతా పెద్ద ఒక ముసలి మేస్త్రి. నేలకొండపల్లి వైపు మనిషి. తడిపిన తువ్వాలు తలకు చుట్టుకుని తిరిగేవాడు. మగవాళ్ళందరూ ఆయనకు అల్లుళ్ళే, ఆడవాళ్ళందరూ బిడ్డలే. పిల్లలం మేస్త్రి తాతా అనేవాళ్ళం. కూరలో ఉప్పు తక్కువైతే సిమెంటు తక్కువైనంత రభస చేసేవాడు. ఆయన నాయినను పల్లెత్తు మాట అనలేదు. మంచె ఎక్కమనీ అడగలేదు. పక్కన కూర్చుని చుట్ట కాల్చుకుని లేచి పోయేవాడు. అంతే.

ఆ వారం పక్క బ్లాకుకు రెండో అంతస్తు స్లాబు పోశారు. స్లాబు గట్టిపడాలంటే దాన్ని కొన్నాళ్ళు తడిగా ఉంచాలి. ఊరికే నీళ్ళు చల్లితే ఎండకు ఇగిరిపోతాయి. అందుకని పైన మట్టితో చిన్న చిన్న గట్లు పోసి, మళ్ళలాగా చేసి, నీళ్ళు నిలబెడతారు. పైకెక్కి చూస్తే నాట్లకు సిద్ధమైన పొలం ఎవరో ఆకాశంలోకి ఎత్తి పెట్టినట్టుంటుంది.

మధ్యాహ్నం ఎండ మండుతోంది. నేను నాయిన పక్కన ఇసుకలో గూళ్ళు కడుతున్నాను. పైనుంచి మేస్త్రి తాత కేకేశాడు. "ఓ బుజ్జమ్మా, గిన్ని మంచినీళ్ళు పట్టుకరా!"

నేను నాయిన వైపు చూశాను. ఆయనను వదిలి ఎట్లా పోను? తాత అది కనిపెట్టాడు.

"మీ నాయిన మీద నా కన్నున్నది గానీ నువ్వు రా" అన్నాడు.

ఆయనకు అంతా తెలుసునని అప్పుడు నాకు తోచింది. చెంబు తీసుకుని మెట్లెక్కాను. తాత నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. తర్వాత, నేను చూస్తుండగానే, అంచున ఉన్న గట్టును మడమతో ఒక్క తొక్కు తొక్కాడు. గట్టు తెగి నీళ్ళు బొళబొళా కిందికి దూకాయి. నేను నోరు తెరిచేలోపే తాత తన పెదాల మీద వేలు పెట్టుకుని, కిందికి పొమ్మని సైగ చేశాడు.

నేను దిగి వచ్చేసరికి ఆ నీళ్ళు నాయినకు బారెడు దూరంలో ఇసుక మీద పడుతున్నాయి. నాయిన అరచేతి మీంచి చూపు మరల్చి వాటిని చూస్తున్నాడు.

పైన తాత గొంతు చించుకుంటున్నాడు. "అరెరె, గట్టు తెగింది! నీళ్ళన్నీ పాయె! ఈ ఎండకు స్లాబు పగుల్తది!" ఇద్దరు ముగ్గురు పరుగెత్తి మట్టి వేశారు. మట్టి కొట్టుకుపోయింది. "మీకు సిమెంటు తెలుసు గానీ మడి తెల్వదురా! మట్టి ఎయ్యంగనే గట్టయితదా? ఒక్కడన్న రైతు లేడారా ఈడ?" అని అరిచాడు. నాయిన పేరెత్తలేదు.

నాయిన లేచాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. మళ్ళీ నీళ్ళ వైపు చూసి మెట్ల దగ్గరికి నడిచాడు. నేను వెంటపడ్డాను. ఆ మెట్లకు ఇంకా పక్క గోడ కట్టలేదు. ఒక వైపు అంతా ఖాళీ. మొదటి మలుపు దగ్గర నాయిన కూర్చుండిపోయాడు. ఆయన ఊపిరి కొలిమి తిత్తిలా వినబడుతోంది. పైనుంచి ఎవరూ రాలేదు, ఎవరూ పిలవలేదు. నేను ఏం చెయ్యాలో తెలియక ఖాళీగా ఉన్న వైపుకు జరిగి నిలబడ్డాను. అప్పుడు నాయిన నా రెక్క పట్టి లోపలికి లాగాడు.

"గోడ పక్కకు నడువు బిడ్డా" అన్నాడు.

ఎన్నో రోజుల తర్వాత నేను విన్న నాయిన గొంతు అది. నన్ను గోడ వైపు ఉంచి, నా చెయ్యి వదలకుండా, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకెక్కాడు.

పైన ఆయన నేరుగా గట్టు దగ్గరికి పోయాడు. తెగిన చోట మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తడి మట్టి తీసేసి, కొత్త మట్టిని పిసికి ముద్దలు చేసి, ఒకదాని మీద ఒకటి అదిమాడు. పైన అరచేత్తో నున్నగా రాశాడు. నీళ్ళు నిలిచాయి. మట్టి అంటిన ఆ కుడి చెయ్యి చూసుకుంటూ ఒక్కసారిగా భోరుమన్నాడు.

"నా చెయ్యి బావకు అందలే మేస్త్రీ. జర అందితే బతుకుతుండె."

తాత అందరినీ భోజనాలకు పొమ్మని పంపించేశాడు. నాయిన పక్కనే ఆ తడిలోనే కూర్చున్నాడు. ఏడవొద్దని అనలేదు. చాలాసేపటికి తన సంగతి చెప్పాడు. వయసులో ఉండగా ఒక వంతెన పనిలో తన కళ్ళ ముందే ఒక మనిషి పోయాడట. తర్వాత చాన్నాళ్ళు తాత నిచ్చెన ముట్టలేకపోయాడట. "భయమయితాందని చెప్పుకోనీకి సిగ్గు. మోకాళ్ళ నొప్పులని చెప్పిన. ఊళ్ళె ఉన్న తైలాలన్నీ తెచ్చి రాసిన్రు. వణికేదేమో గుండె అల్లుడా, తైలమేమో మోకాలికి!"

నాయిన ఏడుస్తూనే నవ్వాడు. ఆ నవ్వు విని నేనూ నవ్వాను. ఎందుకో తెలియకుండానే.

మర్నాడు తాత పని ఆపుకుని నాయినను, అమ్మను, నన్ను బస్సెక్కించి పెద్ద దవాఖానాకు తీసుకుపోయాడు. మొక్కుకున్నాం కదా అని అమ్మ నసిగితే, "మొక్కు మొక్కే, మందు మందే. అమ్మవారేం కోపం చెయ్యదు బిడ్డా" అన్నాడు. డాక్టరు నాయిన నిద్ర గురించి, ఆకలి గురించి, మామ గురించి ఓపికగా అడిగాడు. ఆ గది పైన ఏదో బోర్డు ఉంది. దాన్ని చదవడం మాలో ఎవరికీ రాదు. యాభై దాటాక మా మనవరాలి పలక మీద నేను అక్షరాలు దిద్దుకున్నాను. ఆ తర్వాత ఒకసారి దవాఖానాకు వెళ్ళినప్పుడు అలాంటి బోర్డే కనబడితే కూడబలుక్కుని చదివాను. మానసిక వైద్య విభాగం. ఇంతేనా, దీనికేనా అంత సిగ్గుపడ్డారు అనిపించింది.

నాయిన మళ్ళీ ఎప్పుడూ మంచె ఎక్కలేదు. నేల మీది గోడలు కట్టాడు, స్లాబులకు మళ్ళు కట్టాడు. మామ పోయిన రోజులు దగ్గరపడితే మళ్ళీ మౌనమయ్యేవాడు. అప్పుడు అమ్మ తాడు దాచడం మానేసి, మనసులో ఏముందో ఆయననే అడగడం నేర్చుకుంది. మేస్త్రి తాత ఉన్నన్నాళ్ళూ నాయినకు పని తప్పలేదు, ఎగతాళి మాట వినబడలేదు. బావి తాడు మా గుడిసెకు తిరిగి వచ్చింది. నాయిన మనవలను ఎత్తుకుని, ముసలితనం చూసి పోయాడు.

పోయే ముందు ఏడాది నేను ఉండబట్టలేక ఆనాటి రహస్యం చెప్పాను. ఆ గట్టు దానంతటదే తెగలేదు నాయినా, తాత తొక్కాడు అన్నాను. ఆయన బోసి నోటితో నవ్వాడు.

"నీళ్ళకు తెగిన గట్టేదో, మడమకు తెగిన గట్టేదో నాకు తెల్వదా బిడ్డా? తెలిసే కట్టిన. నా కోసం ఒక మనిషి తన స్లాబు మీది నీళ్ళు ఇడిసిపెట్టిండు గదా."

ఈమధ్య మా పక్క గదిలోకి సెంట్రింగ్ పని చేసే ఒకాయన భార్యతో కిరాయికి వచ్చాడు. నా కొడుకు వయసు. పనిలో ఏం జరిగిందో గానీ గడప దాటడం మానేశాడు. నిద్రపోవడం లేదు పిన్నీ అని ఆ పిల్ల నా దగ్గర కళ్ళు తుడుచుకుంది. రెండు రోజులు వాళ్ళ గుమ్మంలో ఊరికే కూర్చుని వచ్చాను. మూడో రోజు మా పెరట్లో బొప్పాయి పాదుకు నిండా నీళ్ళు పెట్టి, గట్టును మడమతో తొక్కి, "అయ్యా, గట్టు తెగింది, నా నడుము వంగదు, జర వచ్చి కట్టిపోవా?" అని పిలిచాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆయన వచ్చి నిలబడ్డాడు. తెగిన గట్టు వైపు చూశాడు. బురద అంటిన నా మడమ వైపు చూశాడు. పార అందుకున్నాడు.