అడుగు గంజి

కరువొచ్చిన ఆ ఏడు మా ఊళ్లో సర్కారువాళ్లు గంజికేంద్రం పెట్టారు. గుండిగ దగ్గర నిలబడి గంజి పోసే పని మా మామకు ఇచ్చారు. మా ఆయన ఎర్రగుంట్ల వైపు బండల పనికి వెళ్లాడు. నాకు రెండు నెలల పసిబిడ్డ. తిండి లేక నాకు పాలు ఎండిపోయాయి, బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేకపోయింది.

"నీకేమమ్మా! వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఒకటే," అని వరుసలో ఆడవాళ్లు ఎత్తిపొడిచేవాళ్లు. నేనూ అట్లాగే ఆశపడ్డాను. జొన్నగంజిలో మెతుకులన్నీ అడుక్కు దిగుతాయి. గరిటె కాస్త లోతుగా ముంచితే ఎవరికి తెలుస్తుంది? మామ మాత్రం ప్రతి ముంతకూ ముందు తెడ్డుతో అడుగు నుంచి తిప్పేవాడు. నా వంతుకూ అంతే.

ఒకరోజు ఉండబట్టలేక నోరు విప్పాను. "మామా, బిడ్డకు పాల్లేవు. రవ్వంత అడుగుది పొయ్యి."

"అందరిండ్లల్లోనూ బిడ్డలుండారు తల్లీ," అని మళ్లీ తిప్పి, అందరికీ పోసినంతే పోశాడు.

ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి, "ఆయన నీతిని నంజుకుని తాగమంటావా?" అని అత్త మీద విరుచుకుపడ్డాను.

మరునాటి నుంచి అత్త నాకు ఇంకో ముంత గంజి తెచ్చి ఇచ్చేది. "యాడిదత్తా?" అంటే, "అడగొద్దు, తాగు," అనేది. ముసలాయన దిగొచ్చాడు, గుండిగలోంచి దాచి పంపుతున్నాడు అనుకున్నాను. అబద్ధమెందుకు, చాలా సంతోషపడ్డాను. పాలు పడ్డాయి. బిడ్డ గొంతెత్తి ఏడ్చింది. వరుసలో మామ తెడ్డు తిప్పుతుంటే, ఇంకా ఎవరిని మాయ చేయడానికి ఈ తిప్పడం అని లోలోపల నవ్వుకునేదాన్ని.

పది రోజులకు మామ తెడ్డు పట్టుకునే కూలబడ్డాడు. పరుగెత్తుకుంటూ పోయాను. పొయ్యి చూసే ఆయన మామ మొహాన నీళ్లు చల్లుతూ నా మీద కసిరాడు.

"ఏమ్మా, మీ ఇంట్లో ఎవురూ చూసుకోరా? తన ముంత అట్లే మూతపెట్టి ఇంటికి పంపిస్తాండాడు. ఈడ ఒట్టి నీళ్లు తాగి నిలబడతాండాడు!"

మామ కళ్లు తెరిచాడు. "ముందు గంజి తిప్పండప్పా, అడుగంటుతాది," అన్నాడు.

తర్వాత కోలుకుని చాలా ఏళ్లు బతికాడు. ఆ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆయనున్నన్నాళ్లూ నేనూ చెప్పలేకపోయాను. ఆ పది రోజులూ ఆయన్ని దొంగ అనుకున్నాను. అనుకునే, కడుపునిండా తాగాను.