బొటనవేలు ఎత్తితే వదలాల్సిందే

ఆషాఢం గాలి లేచిందంటే కర్నూల్లో అందరూ కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం తెరిచిపెట్టుకుని, దుమ్ము తింటూ, కడప జిల్లాలోని మైలవరం జలాశయం గురించి ఆలోచిస్తుంటాను. అట్లాంటి ఒక సాయంత్రం ఎర్రగుంట్ల నుంచి జయపాల్ ఫోన్ చేశాడు.

"అక్కా, గాలి శానా బాగుండాది. ఆదివారం పటం ఎగరేద్దాం. బాషాను గూడా పిల్చుకోని రా."

బాషా పేరు జయపాల్ నోట విని ఎనిమిదేళ్లయింది.

పెద్ద పటం తాళ్లు నడుము పట్టీకి తగిలించుకుని, కాళ్లకు పలక బిగించుకుని, గాలి లాగుతుంటే నీళ్ల మీద జారిపోయే ఆట ఒకటుంది. కైట్‌బోర్డింగ్ అంటారు. దాన్ని సముద్రం దగ్గర నేర్చుకొచ్చి ఈ ఎండు సీమలో ఆడిన పిచ్చివాళ్లం మేం ముగ్గురం. జయపాల్ సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. బాషా కర్నూల్లో ఏసీ మెకానిక్కు. నేను బ్యాంకు ఉద్యోగిని, వాళ్లిద్దరికీ పిలుపుకు అక్కను. ఆటలో ఒకరు ఒడ్డున పటాన్ని నిలబెట్టి పట్టుకోవాలి. తాళ్ల అవతలి కొసన ఉన్న ఆటగాడు గాలినీ తాళ్లనూ చూసుకుని బొటనవేలు ఎత్తితే వదలాలి.

ఎనిమిదేళ్ల కింద మబ్బు కమ్ముతున్నా జయపాల్ వేలెత్తాడు. బాషా వదిలాడు. గాలి విసురుకు జయపాల్ పోయి కట్ట రాళ్లకు కొట్టుకున్నాడు, మోకాలు నుజ్జయింది. ఆస్పత్రి మంచం మీద నుంచి "వదిలింది నువ్వే గదరా!" అని అందరి ముందూ అరిచాడు. బాషా అటునుంచి అటే వెళ్లిపోయాడు. మా ఆదివారాలు అక్కడితో సరి.

"పటం ముట్టను. నీకు తోడు వస్తా, అంతే," అని, ఇప్పుడు నేను పిలిస్తే బాషా షరతు పెట్టాడు. సరేనన్నాను.

పొద్దున ఆరింటికి కడప బస్సెక్కాం. ఈ దారిన వెళ్లేవాళ్లు బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినే ఎక్కండి. నంద్యాల్లో బస్సు ఆగుతుంది గానీ, టీ తాగనిచ్చేదీ లేనిదీ డ్రైవరు దయ. బాషా సంచి జిప్పులోంచి పాత నడుము పట్టీ కొస కనిపించింది. చూడనట్టే ఊరుకున్నాను.

ఆళ్లగడ్డలో ఎక్కిన ఒక అవ్వ నా ఒళ్లోని పలకను తట్టి చూసింది. "ఇదేందమ్మా, ఇస్త్రీ బల్లనా?"

"నీళ్ల మీద జారేది అవ్వా."

"పడితే?"

బాషా కిటికీలోంచి తల తిప్పలేదు. "పడితే ఎవరిని తిట్టాల్నో ముందే అనుకోని దిగాల అవ్వా," అన్నాడు.

మైదుకూరులో దిగి ప్రొద్దుటూరు బస్సు పట్టుకున్నాం. ప్రొద్దుటూరు బస్టాండులో జయపాల్ కారుతో ఉన్నాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా నలగలేదు. కుంటుతూ బాషాకు ఎదురొచ్చాడు.

"బాగుండావా అప్పా?"

"ఉండా."

ఒకప్పుడు 'రా' తప్ప ఇంకో పిలుపు తెలియని ఇద్దరి మాటలూ ఇవే. కారం దోసెలు తిన్నాం. అంత కారానికీ ఎవరూ నోరు తెరవలేదు.

కారులో మైలవరం చేరాం. మూడు దాటాక గాలి కుదురుగా పట్టింది. ఒడ్డున అప్పట్లో మేం టీ కాచుకునే తుమ్మచెట్టు కింద గొర్రెలు పడుకున్నాయి. అదే బురద వాసన. దూరంగా అవే ఎర్ర కొండలు. ఆ రోజుల్లో ఎంత నవ్వేవాళ్లమో గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

జయపాల్ కారులోంచి పటం దించి, దాని అంచు గొట్టంలో గాలి కొట్టి, తాళ్లు పరిచి, పట్టీ కట్టుకున్నాడు. పటం పట్టుకోవడానికి నేను లేవబోతే, బాషాయే పోయి నిలబెట్టాడు. జయపాల్ నీళ్లలో మోకాలు వంచి చూసుకున్నాడు. మళ్లీ వంచాడు. వేలు ఎత్తలేదు. దించమని చెయ్యి ఊపాడు.

"కాలు నిలబడ్డంలేదప్పా. నువ్వు పో, నేను పట్టుకుంటా."

బాషా నీళ్లకేసి చూసి సంచి తెరిచాడు. పట్టీ, లైఫ్ జాకెట్టు బిగించుకుని, తాళ్లన్నీ చివరిదాకా తడుముతూ నడిచి, వేలెత్తాడు.

జయపాల్ వదల్లేదు.

"బాషా! మళ్లీ చూసుకో!" అని అరిచాడు.

బాషా ఆకాశం చూశాడు, తాళ్లు చూశాడు, మళ్లీ వేలెత్తాడు. పటం టపటపా కొట్టుకుంటోంది. జయపాల్ దాని అంచును రెండు చేతులా ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా, వదలనా?"

"నన్నడుగుతావేం? ఎత్తింది వాడి వేలు."

వదిలాడు. పటం లేచింది. బాషా నీళ్లను చీల్చుకుంటూ, ఎనిమిదేళ్ల కిందటిలాగే కేక పెడుతూ దూసుకుపోయాడు. నేను ఏడ్చేశాను. జయపాల్ మాత్రం వాడు ఒడ్డుకు వచ్చేదాకా, ఖాళీ చేతులు అట్లాగే ముందుకు చాచి నిలబడ్డాడు.

చీకటి పడేవేళకు మమ్మల్ని ప్రొద్దుటూరు బస్టాండులో దించాడు. బస్సు కదులుతుంటే కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"బాషా, ఆ పొద్దు వేలెత్తింది నేనేరా."

"తెలుసులేరా. నువ్వు చెప్తావనే ఎనిమిదేండ్లు చూసినా."

ఆషాఢంలో మీరూ అటు వెళ్లండి. గాలి ఉంటుంది, నీళ్లుంటాయి. పటం పట్టుకునే మనిషిని మాత్రం వెంట తీసుకెళ్లండి, ఆ మనిషిని పోగొట్టుకోకుండా తిరిగి రండి.

మైదుకూరులో బస్సు మారగానే బాషా నిద్రపోయాడు. తడి పట్టీ నుంచి నీళ్లు నా పాదాల మీద కారుతున్నాయి. నేను కాళ్లు జరపలేదు.